కరిబ్డిస్ మింగిన మధ్యాహ్నం

మీలో ఎవరైనా కొత్తగా ఉద్యోగంలో చేరి ఇది చదువుతుంటే ముందే ఒక మాట. ఇందులో మీకు పనికొచ్చే నీతి ఏదో దొరుకుతుందని నేను హామీ ఇవ్వలేను. నేను రిటైరై రెండేళ్లు కావస్తోంది. ఇన్నేళ్ల సర్వీసులో చేసిన తప్పులు చాలానే ఉన్నాయి, వాటిలో చాలావాటికి కారణాలు కూడా తెలుసు. ఈ ఒక్కటి మాత్రం ఎటు తిప్పి చూసుకున్నా నాకే తిన్నగా అర్థం కాదు. "ఎప్పుడూ గొణుక్కునే బదులు కాయితం మీద పెట్టండి" అని మా ఆవిడ విసుక్కుంటే రాస్తున్నాను.

న్యూజెర్సీలో, పార్సిప్పనీలో ఒక కంపెనీ ఉండేది. మందుల షాపుల దగ్గర్నుంచి ఆర్డర్లు తీసుకుని రోగుల ఇళ్లకి చేర్పించడం వాళ్ల వ్యాపారం. ఆ కంప్యూటర్ల పని చూడటానికి కాంట్రాక్టు మీద ముగ్గురం వెళ్లాం. మా లీడ్ గుంటూరు వైపు మనిషి. నాకంటే పదేళ్లు చిన్న, అందుకని నన్ను 'గురువుగారూ' అని పిలిచేవాడు. పిలుపు అదే గాని, చెప్పినట్టు వినాల్సింది మాత్రం నేనే. మూడో మనిషి కరీంనగర్ అమ్మాయి. ముప్ఫై నిండలేదు, నాలుగేళ్ల పాప. ఆమె భర్తకి ఇక్కడ పని చేసే అనుమతి లేదు, ఇంట్లో పాపని చూసుకునేవాడు. ఆ ఇల్లంతా ఆమె హెచ్‌వన్‌బీ వీసా మీదే నడిచేది. ఆమె ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాలి, లేదా ముగ్గురూ విమానం ఎక్కాలి. మా ముగ్గురిలో ఎవరూ ఈ మాట పైకి అనేవాళ్లం కాదు, మర్చిపోయేవాళ్లమూ కాదు.

మేం వెళ్లింది ఒక పెద్దాయన స్థానంలోకి. తెల్ల అమెరికన్, అరవై దాటినవాడు, ఆ కంపెనీ పుట్టినప్పటినుంచీ ఉన్నవాడు. మా వృత్తిలో నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ అని ఒక తంతు ఉంది, మేం కేటీ అంటాం. ఇంటికి పంపబోయే మనిషి, తన కుర్చీలో కూర్చోబోయేవాళ్లకి, ఉన్న విద్యంతా నేర్పి మరీ వెళ్లాలి. ఎవడు కనిపెట్టాడో గాని సిగ్గులేని పద్ధతి. పెద్దాయనకి మూడు వారాలు టైమిచ్చారు. పొద్దున్నే ఫ్లాస్కులో కాఫీ పట్టుకొచ్చేవాడు, మా ముగ్గురికీ కూడా పోసేవాడు. ఆ కాఫీ తాగడం నాకు మహా ఇబ్బందిగా ఉండేది.

అక్కడ కంప్యూటర్లన్నిటికీ పేర్లుండేవి. సిల్లా, కరిబ్డిస్, సీటస్. మొదటిరోజు గోడమీద ఆ పేర్లు చూసి ఆయన మనవరాళ్ల పేర్లు పెట్టుకున్నాడేమో అనుకున్నాను. కాదట, అవన్నీ గ్రీకు పురాణాల్లోని సముద్ర రాక్షసులు. ఆయనకి చిన్నప్పటినుంచీ ఆ కథల పిచ్చి. పడవ ఉందేమో, చేపలు పడతాడేమో అనుకుంటే అదీ లేదు. సముద్రం మీదికి వెళితే వాంతులవుతాయని ఆయనే చెప్పాడు.

ఆయన పాఠం ఎలా ఉండేదంటే, ఏ మెషీన్ గురించి అడిగినా కథ మొదలెట్టేవాడు. సీటస్ అనే రాక్షసిని ఒక దేశం మీదికి సముద్రదేవుడు తోలాడట, దానికి ఆహారంగా రాజకూతుర్ని కొండకి కట్టేశారట, చివరికి ఒక వీరుడు దాన్ని రాయిగా మార్చేశాడట. ఇంతకీ సీటస్ ఎక్కడుందయ్యా అంటే, మూలన కరెంటు కూడా లేకుండా ఉన్న పాత డబ్బా. "అది రాయైపోయింది, దాని జోలికి వెళ్లకండి" అని నవ్వేవాడు. ఆ ఒక్క ముక్క కోసం నలభై నిమిషాలు.

అసలైనవి మిగతా రెండూ. ఒక ఇరుకైన జలసంధి, దానికి ఒక పక్క కొండగుహలో సిల్లా, ఆరు తలల రాక్షసి. ఓడ దగ్గరగా వెళితే ఒక్కో తలతో ఒక్కో మనిషిని లాగేసుకుంటుంది. రెండో పక్క కరిబ్డిస్. అది రోజుకి మూడుసార్లు సముద్రాన్ని గుటుక్కున మింగుతుంది, మూడుసార్లు కక్కుతుంది. మింగేటప్పుడు దగ్గరికి వెళితే మనుషులు, ఓడ, తెడ్లు, అన్నీ లోపలికే. యుద్ధం ముగించుకుని ఇంటికి పోతున్న ఒక రాజు ఆ దారిన వెళ్లాల్సి వచ్చింది. ఏ పక్కకి జరగాలి? సరిగ్గా ఇలాంటి చోట మా లీడ్ కుర్చీలో కదిలి, కాస్త కమాండ్లు చెబుతారా అని మర్యాదగా అడిగేవాడు. పెద్దాయన చెప్పేవాడు. మేం రాసుకునేవాళ్లం.

బయటికొచ్చాక లీడ్ గట్టిగా చెప్పేశాడు. "గురువుగారూ, ఆ పురాణకాలక్షేపం మనకొద్దు. డాక్యుమెంట్‌లో కమాండ్లే పెట్టండి. క్లయింట్ చదివితే బాగోదు." డాక్యుమెంట్ రాసే పని నాది. నేనూ సరేనన్నాను. నిజం చెప్పాలంటే నాకు ఆ కథలు వింటుంటే నిద్రొచ్చేది. వాటిలో ఏది ఏ పక్క ఉందో, ఏది మింగుతుందో, ఏది కరుస్తుందో నా బుర్రలో కలగాపులగమైపోయింది.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. ప్రతిరోజూ సాయంత్రం ఆయన మమ్మల్ని అడిగేవాడు, సందేహాలేమైనా ఉన్నాయా అని. మేం తలలాడించి "నో, నో, ఆల్ క్లియర్" అనేవాళ్లం. మనవాళ్లలో ఇది ఉంది. కేటీలో ప్రశ్న అడిగితే వీడికి పని రాదు కాబోలనుకుంటారని భయం. క్లయింట్ ముందు అన్నీ తెలిసినట్టే ఉండాలి, తెలియనివి తర్వాత ఇంటికెళ్లి నెట్‌లో వెతుక్కోవచ్చు. ముప్ఫై ఏళ్లు నేను అలాగే నెట్టుకొచ్చాను, బాగానే నడిచింది. కాని పెద్దాయన బుర్రలో ఉన్నది ఏ నెట్‌లోనూ ఉండదు కదా. ఆ మాత్రం తోచలేదు నాకు.

ప్రశ్న అడిగింది ఆ అమ్మాయి ఒక్కతే. ఆమె ఒక పుస్తకం పెట్టుకుని ఆ కథలన్నీ తెలుగులో రాసుకునేది, పాపకి చెబుతుందట పడుకునేటప్పుడు. ఒకరోజు పెద్దాయన, రాజు చివరికి సిల్లా పక్కకే జరిగాడని, ఆరుగురు పోతారని తెలిసే జరిగాడని, ఓడలో ఎవరికీ ఆ సంగతి చెప్పలేదని అన్నాడు. ఎందుకు చెప్పలేదని ఆమె అడిగింది. చెబితే తెడ్లు వదిలేసి లోపలికెళ్లి దాక్కుంటారు, ఓడ కదలదు అన్నాడాయన. అయినా చెప్పాల్సింది అందామె. ఆయన ఆమెకేసి చూసి తలూపాడు. మా లీడ్ టైము చూసుకున్నాడు.

మూడు వారాలయ్యాయి. కేకు కోశారు. పెద్దాయన తన ఫ్లాస్కు, ఒక మొక్క పట్టుకుని వెళ్లిపోయాడు. మేం ఆయన స్థానంలో కూర్చున్నాం. నాలుగు నెలలు ఏ గొడవా లేదు. నా డాక్యుమెంట్‌ని క్లయింట్ మెచ్చుకున్నాడు కూడా. అందులో ప్రతి మెషీన్‌నీ ఎలా ఆపాలో, ఎలా మొదలెట్టాలో ఉంది. ఎప్పుడు ఆపకూడదో మాత్రం లేదు.

ఇక ఆ రోజు. జనవరి, మర్నాడు పెద్ద మంచు పడుతుందని టీవీలో ఒకటే హడావుడి. మందులు అయిపోతాయేమోనని అందరూ ముందే ఆర్డర్లు పెట్టుకుంటున్నారు. లీడ్ ఆ పూట వర్జీనియాలోని హెర్న్‌డన్‌లో వేరే క్లయింట్ దగ్గరికి వెళ్లాడు. నేనూ ఆ అమ్మాయీ ఉన్నాం. మధ్యాహ్నం పన్నెండు దాటి రెండు మూడు నిమిషాలయిందేమో, మందుల బళ్లకి ఆర్డర్లు పంచే సిల్లాలో ఎర్రగా ఆరు ఆర్డర్లు కనబడ్డాయి. ఆరు ఇళ్లకి మందులు వెళ్లలేదు. వెంటనే క్లయింట్ తరఫు డైరెక్టర్ నుంచి మెసేజ్, ఆమె చాలా నెమ్మదిగా మాట్లాడే మనిషి, ఏం జరుగుతోందని అడుగుతూ.

నా బుర్ర ఆ క్షణంలో ఎలా పనిచేసిందో మీకు ఉన్నదున్నట్టు చెబుతాను, నవ్వుకోండి. ఆరు అనగానే ఆరు తలలు గుర్తొచ్చాయి. ఆరు తలలదే భయంకరమైనది కదా, దానికి దూరంగా జరగాలి కదా అనుకున్నాను. కథలు వద్దన్నవాణ్ని, కథలోనే సగం ముక్క పట్టుకుని వేలాడాను. సిల్లా ఇక్కడ ఆగింది కాబట్టి దానికి ఆర్డర్లు అందించే కరిబ్డిస్‌ని ఒకసారి ఆపి మొదలెడితే సర్దుకుంటుందనుకున్నాను. డాక్యుమెంట్ తీశాను. కమాండ్ ఉంది, నేను రాసిందే. కీబోర్డ్ ముందు ఆ అమ్మాయి ఉంది, తన లాగిన్‌తో; ఏం కొట్టినా మెషీన్ రికార్డులో, అదే లాగ్‌లో, పడేది ఆమె పేరే.

కరిబ్డిస్ రీస్టార్ట్ చెయ్యమ్మా అన్నాను.

ఆమె చెయ్యి ఆగింది. "సార్, పన్నెండు అయింది. ఇప్పుడు అది మింగే టైం. పెద్దసారు చెప్పిండు కదా, అటు దిక్కు పోవద్దు, ఆరు పోతే పోనీయమని. ఆ ఆరుగురికి మనం ఫోన్ చేస్తే అయిపోతది."

ఆమె చెప్పింది పూర్తిగా నిజం. ఒక్కో వాక్యం అక్షరాలా నిజం. ఆ మెషీన్ రోజుకి మూడుసార్లు షాపుల ఆర్డర్లన్నీ లోపలికి లాక్కునేది, లాక్కునేటప్పుడు ఆపితే అన్నీ అందులోనే ఇరుక్కుపోతాయి. నాకది అప్పుడు కథలాగే వినబడింది. డైరెక్టర్ నుంచి రెండో మెసేజ్ వచ్చింది. "కథలు తర్వాత. ముందు రీస్టార్ట్ కొట్టు" అన్నాను. గొంతు పెంచానా లేదా అన్నది నాకు గుర్తు లేదు. పెంచలేదనే ఇన్నేళ్లూ అనుకుంటూ వచ్చాను, ఈ మధ్య అంత నమ్మకంగా అనిపించడం లేదు. ఆమె కొట్టింది.

ఆరు ఎర్రగీతలూ పోయాయి. హమ్మయ్య అనుకున్నాను. పది నిమిషాలకి గాని తెలియలేదు, ఆరే కాదు, మధ్యాహ్నం వచ్చిన ఆర్డర్లన్నీ పోయాయి. షాపుల దగ్గర లేవు, సిల్లాలో లేవు, ఎక్కడా లేవు. ఇన్సులిన్ కావలసినవాళ్లు, గుండె మందులు కావలసినవాళ్లు, అందరూ అందులోనే ఉన్నారు. పైగా మర్నాడు మంచు పడబోతోంది. మళ్లీ రీస్టార్ట్ చేద్దామా అన్నాను. ఆమె ఈసారి చెయ్యనంది. లేచి వెళ్లి కారిడార్‌లోంచి పెద్దాయనకి ఫోన్ చేసింది. ఆయన నంబరు ఆమె దగ్గరుంది, ఆయన వెళ్లిపోయాక పాప వేసిన సిల్లా బొమ్మ ఆయనకి పంపిందట.

ఆయనకి మా ఫోనెత్తాల్సిన అవసరం ఏముంది? ఎత్తాడు. స్పీకర్‌లో పెట్టింది. విషయం విని ఆయన అన్నది ఇంతే: ఏమీ ముట్టుకోకండి. అది మింగింది, సాయంత్రం కక్కుతుంది. చెట్టు ఉందా?

నాకు ఏ చెట్టో తెలియలేదు. ఆమెకి తెలుసు. తర్వాత ఓడ పోయి మళ్లీ అక్కడికే కొట్టుకొచ్చిన ఆ రాజు కరిబ్డిస్ మీదున్న అంజీర చెట్టు కొమ్మ పట్టుకుని, మింగిన దుంగల్ని అది మళ్లీ కక్కేదాకా వేలాడాడట. ఆ చెట్టు పేరుతోనే పెద్దాయన ఒక చిన్న ప్రోగ్రామ్ రాసి పెట్టాడు. కరిబ్డిస్ మింగిన ప్రతిదానికీ అది ఒక నకలు ఉంచుతుంది. అక్కర్లేని పాత ప్రోగ్రాముల జాబితా ఒకటి నేనే తయారుచేశాను, అందులో మొదటి పేరు అదే. తీసెయ్యడానికి పై అనుమతి ఇంకా రాలేదు కాబట్టి బతికిపోయింది. జాబితా తీసి ఆ పేరు వెంటనే కొట్టేశాను.

ఇక సాయంత్రం దాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి. మీకు తెలీదు, కంప్యూటర్ పనివాడికి అంతకంటే కష్టమైంది లేదు. ముట్టుకోవద్దంటే వేళ్లు ఊరుకోవు. ఆమె మాత్రం ఖాళీగా కూర్చోలేదు, పొద్దుటి జాబితాల్లోంచి రోజూ ఇన్సులిన్ తీసుకునేవాళ్లని వెతికి ఒక్కొక్కరికీ ఫోన్లు చేసింది. నన్నూ చెయ్యమంది. చేశాను. ఒక ముసలావిడ, మందు ఎల్లుండికి సరిపోతుంది బాబూ, నువ్వు కంగారు పడకు అని నాకే ధైర్యం చెప్పింది. అయిదున్నరకి కరిబ్డిస్ కక్కింది. ఒక్కటీ పోలేదు. కాని బళ్లు బయల్దేరే టైము దాటిపోయింది, మర్నాడు మంచులో చాలామంది తమంత తాము మందుల షాపులకి నడవాల్సి వచ్చింది. ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు. అది మా గొప్ప కాదు.

రెండు రోజులకి మీటింగ్. తప్పు ఎవరిదో రాతపూర్వకంగా కావాలన్నారు. వెళ్లేముందు లీడ్ నన్ను పార్కింగ్‌లో తన కార్‌లో కూర్చోబెట్టాడు. "లాగ్‌లో ఆ అమ్మాయి పేరే ఉంది గురువుగారూ. మీరు నోరు విప్పకండి. మీ గ్రీన్ కార్డ్ ఈ కొసకొచ్చింది. ఒక్కళ్లతో పోతే ప్రాజెక్ట్ మిగుల్తుంది."

ఆమెకి చెప్పారా అని అడిగాను. ఇప్పుడెందుకు, మీటింగ్‌కి రాదేమో అన్నాడు.

నా గ్రీన్ కార్డ్ సంగతి నిజమే. పదమూడేళ్లుగా లైనులో ఉన్నాను. అయినా ఆ కార్లోంచి దిగేటప్పుడు చెప్పేద్దామనే అనుకున్నాను. ఒట్టు. వాక్యం కూడా తయారుచేసుకున్నాను. లోపలికెళ్లాక డైరెక్టర్ తన మామూలు గొంతుతోనే అడిగింది, రీస్టార్ట్ చెయ్యమని నిర్ణయించింది ఎవరు అని. ఆ అమ్మాయి నాకేసి చూడలేదు. చూసి ఉంటే చెప్పేవాణ్నేమో. ఏమో, ఇదీ సాకే. నా నోట్లోంచి వచ్చిన మాట వేరు. "ఇట్ వాజ్ ఎ టీమ్ డెసిషన్" అన్నాను. మన ఆఫీసుల్లో ఎంత బాగా అరిగిపోయిన మాటో చూడండి, తప్పు జరిగితే మనిషి ఉండడు, టీమే ఉంటుంది. డైరెక్టర్ ఏదో రాసుకుంది. లాగ్‌లో ఉన్న పేరు ఒక్కటే. శుక్రవారానికి ఆ అమ్మాయి బ్యాడ్జి తీసుకున్నారు.

ఆమె మీటింగ్‌లో ఎందుకు నా పేరు చెప్పలేదో నాకు ఇప్పటికీ తెలియదు. పెద్దరికం చూసిందా, చెప్పినా నమ్మరనుకుందా, నేనే చెబుతానని ఎదురు చూసిందా? పెద్దాయన విషయం కూడా అంతే. పనికి ప్రాణమైన సూచనల్ని కథల్లో పెట్టి చెప్పాడే, మామీద కోపంతో కావాలని చేశాడా, లేక ఆయనకి వేరేలా చెప్పడం రాదా అని చాన్నాళ్లు కొట్టుకున్నాను. కావాలనే చేసి ఉంటే ఆ రోజు ఫోనెందుకు ఎత్తాడు? ఒక రోజు ఒకలా అనిపిస్తుంది, ఇంకోరోజు ఇంకోలా.

ఆ తర్వాత నాకు నిద్ర పట్టిందని చెప్పను. ఆమె వెళ్లాక డైరెక్టర్‌కి ఒక మెయిల్ రాశాను. రీస్టార్ట్ చెయ్యమన్నది నేను, ఆమె వద్దంది, తప్పు పూర్తిగా నాది అని. రాసి డ్రాఫ్ట్‌లో ఉంచాను. ఒక వారం. రెండు వారాలు. రోజూ తీసి కామాలు సరిచేసేవాణ్ని. ఎనిమిదో వారంలో, ఏమైతే అదవుతుందని పంపించేశాను. కార్డ్ పోతుంది, ఉద్యోగం పోతుంది, ఇల్లు ఖాళీ చెయ్యాలి అని మా ఆవిడకి కూడా చెప్పి సిద్ధంగా కూర్చున్నాను. అరగంటలో జవాబొచ్చింది. నిజాయితీగా చెప్పినందుకు థాంక్స్, ఆ విషయం మేం ఎప్పుడో ముగించేశాం, సోమవారం మీటింగ్‌లో కలుద్దాం అని.

అంతే. నన్నెవరూ ఒక్క మాట అనలేదు. మా లీడ్‌కి కూడా తెలియలేదు. కార్డ్ మరుసటి ఏడు వచ్చింది. మొదటి రోజే చెప్పి ఉంటే కూడా ఇంతే జరిగేదా? అప్పుడు వేరేలా ఉండేదా? ఎవరిని అడగను?

ఆ సాయంత్రం ఆమెకి ఫోన్ చేశాను. మెయిల్ పంపానని, అంతా నాదేనని రాశానని గబగబా చెప్పాను. వెనకాల పాప ఏదో అడుగుతోంది, ప్లాస్టర్ లాగుతున్న చప్పుడు, పెట్టెలు కడుతున్నట్టున్నారు. అరవై రోజుల్లో ఇంకా తొమ్మిది మిగిలి ఉన్నాయి.

"ఎవరికి పంపిన్రు సార్?" అని అడిగింది.

డైరెక్టర్‌కి అన్నాను.

"మీరు చెప్తేనే నేను కొట్టిన. అది నాకు తెలుసు, మీకు తెలుసు. ఆమెకు తెలువాల్సింది ఆరోజు. ఇప్పుడు నాకెందుకు చెప్తున్నరు సార్?"

ఆమె గొంతులో కోపం లేదు, నిజంగానే అడిగింది. నేను ఏదో అన్నాను, సారీ అన్నాననుకుంటా. సరే సార్, ఉంటా, పాపకి అన్నం పెట్టాలె అని పెట్టేసింది.

తర్వాత వాళ్లు వెళ్లిపోయారో, చివరి తొమ్మిది రోజుల్లో ఎక్కడైనా ఉద్యోగం దొరికిందో నాకు తెలియదు. ఈ రోజుల్లో ఒక మనిషి ఎక్కడుందో కనుక్కోవడానికి రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాలు నేను ఇంతవరకూ పెట్టలేదు.